గూడెం మాట చెల్లాలి

రాయవరం లాంటి గోదావరి తూర్పు డెల్టా ఊళ్లలో కాలువ నీటిపై రైతుకు చట్టం ఇచ్చిన పెత్తనం కొంత ఉంది. 1997లో వచ్చిన చట్టంతో ఆయకట్టు రైతులే నీటి సంఘాలను ఎన్నుకొని పూడికతీత, వంతుల నీరు వంటి పనులు చూసుకునే వీలు కలిగింది. కాలువ మంచిచెడ్డలు దాని మీద బతికేవాడికే బాగా తెలుస్తాయన్నది ఆ చట్టం వెనకున్న నమ్మకం. 2022 ఏప్రిల్ దాకా రాయవరంతో పాటు ఒకే తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న రంపచోడవరం మన్యంలో కొండరెడ్లు, కోయలు కోరేదీ అదే. తమ అడవి, తమ భూమి విషయం తమ గూడెంలో తేలాలన్నది వారి పట్టు. ఆ కోరిక న్యాయమైనది, చట్టం ఒప్పుకున్నది కూడా.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాల కోసం పార్లమెంటు 1996లో పెసా చట్టం చేసింది. దాని ప్రకారం పంచాయతీ కేంద్రంలో కాకుండా గూడెం స్థాయిలోనే గ్రామసభ జరగాలి. 2011 నాటి మన రాష్ట్ర నియమాలు ప్రతి సభ తన ఉపాధ్యక్షుణ్ని, కార్యదర్శిని ఎన్నుకునే పద్ధతి పెట్టాయి. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్ల వంటి అటవీ ఫలసాయంపై యాజమాన్యం, అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించే అధికారం, చిన్న ఖనిజాల లీజుకు ముందు తప్పనిసరి సిఫారసు ఆ చట్టంలో ఉన్నాయి. భూసేకరణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెసా ప్రకారం సభను సంప్రదిస్తే చాలు, ఒప్పించాల్సిన పని లేదు. అసలు లోపం ఇక్కడే ఉంది. అడిగినట్టే అడిగి, వచ్చిన జవాబును పక్కన పెట్టే వీలుంటే స్వపరిపాలన కాగితం దాటదు.

అడగకుండా పైనుంచి రుద్దితే ఏమవుతుందో ఈ మన్యం చరిత్రే చెబుతుంది. కల్లుపై పన్ను, స్థానిక పాలకుడైన మన్సబుదారు దోపిడీ కలిసి 1879లో రంప తిరుగుబాటును రగిల్చాయి. మన కాలంలో పోలవరం ప్రాజెక్టు ముంపు దేవీపట్నం వైపు గూడేలను ఖాళీ చేయించింది. ఆ నీళ్ల లాభం ఎక్కువగా దిగువకు, నష్టం ఎక్కువగా ఎగువకు వెళుతుంది.

చదువు లేనివారికి ఇంత అధికారమా అని కొందరు అడుగుతారు. నీటి సంఘానికి ఓటు వేసే రైతును ఎవరూ చదువు పట్టా చూపమనలేదు. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో తెలిసిన అనుభవం పాలనకు పనికొచ్చే చదువే. గిరిజనేతరులకు అన్యాయం జరుగుతుందన్న భయమూ వినిపిస్తుంది. కానీ ఆ గ్రామ ఓటర్ల జాబితాలో ఉన్నవారంతా సభలో సభ్యులే. అభివృద్ధి ఆగిపోతుందన్నది వీటన్నిటికన్నా బరువైన అభ్యంతరం. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు కూడి బాక్సైట్ తవ్వకాన్ని కాదన్నాయి. గని ఆగింది నిజమే. అయితే కొండనూ వాగులనూ నమ్ముకున్నవారు వాటి ఖరీదెంతో లెక్కగట్టుకొని చెప్పిన మాట అది. ఆ లెక్కను ముందే వింటే ప్రభుత్వానికి కూడా ఏళ్ల తరబడి కోర్టు వ్యాజ్యాలు తప్పుతాయి.

అందుకే పెసాలోనే భూసేకరణకు గ్రామసభ సమ్మతి తప్పనిసరి కావాలి. సభ తీర్మానాన్ని తోసిపుచ్చే అధికారి లిఖితంగా కారణం చెప్పాలి. సభకు సొంత నిధి ఉండాలి, కోయ గూడెంలో నోటీసు కోయ భాషలో కూడా వినిపించాలి. తన కాలువపై తన మాట చెల్లాలనే డెల్టా రైతు, తన కొండపై తన మాట చెల్లాలనే కొండరెడ్డి వైపు నిలబడడమే న్యాయం.