బల్లి బొమ్మకి టిచ్ బటన్ తోక

ట్యూబ్‌లైటు పక్కన బల్లి కనిపిస్తే మీరేం చేస్తారు? చీపురు తీసుకుని తరిమేవాళ్ళు కొందరు. ఆ గదిలోకే అడుగుపెట్టకుండా పోపులపెట్టె కూడా పిల్లాడిచేత తెప్పించుకునేవాళ్ళు కొందరు. కొందరికి బల్లి ఫరవాలేదు, బొద్దింకతోనే పేచీ. పాలమీద మీగడ, పిండిలో పురుగు, దువ్వెనకి చుట్టుకున్న తడి జుట్టు... పైకి చెబితే నవ్వుతారని ఊరుకుంటాం గానీ, చూడగానే ఒళ్ళు జలదరించేది మనలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ఉంటుంది.

దాన్ని తరిమెయ్యడం మనకి తెలిసిన పద్ధతే. అలా కాకుండా దాన్నే గుడ్డతో తయారుచేసి, ఒళ్ళో పెట్టుకుని కుట్టడం ఇంకో పద్ధతి. ఇదేం చోద్యం అనుకోకండి. ఒక పెద్ద కళాకారిణి జీవితమే ఇందుకు ఉదాహరణ.

ఆమె పేరు యయోయి కుసామా. 1929లో జపాన్‌లోని మత్సుమోతోలో పుట్టింది. వాళ్ళది విత్తనాల, నారుమొక్కల వ్యాపారం. తండ్రి పరాయి ఆడవాళ్ళ వెంట తిరుగుతుంటే, ఏం చేస్తున్నాడో చూసి రమ్మని తల్లి ఈ పసిపిల్లనే పంపేదట! దాంతో పెద్దయ్యాక కూడా స్త్రీపురుష సంబంధమంటేనే ఆమెకి భయం, ఏవగింపు. 1962లో న్యూయార్క్‌లో ఉన్నప్పుడు ఆమె ఏం చేసిందో తెలుసా? పాత చేతుల కుర్చీ ఒకటి తీసుకుంది. గుడ్డసంచుల్లో దూదిలాంటిది కూరి, పురుషాంగాన్ని తలపించే ఆకారాలు ఒక్కొక్కటే చేత్తో కుట్టి, కుర్చీ అంతా ఖాళీ లేకుండా అతికించి తెల్లరంగు వేసింది. ఆ కుర్చీ ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. ఆ తరవాత ఒక పడవనిండా కూడా అలాగే కుట్టింది. ఏది చూస్తే భయమో దాన్నే వందలకొద్దీ చేసి, వాటి మధ్యనే తిరుగుతుంటే చివరికి అవి నవ్వులాటగా మారిపోయాయని ఆమె తన కథలో రాసుకుంది.

కుట్టుతో ఆమె జబ్బంతా నయమైపోయిందా అంటే, కాలేదు. 1973లో జపాన్ తిరిగొచ్చి, 1977 నుంచి తన ఇష్టంతోనే టోక్యోలోని ఒక మానసిక చికిత్సాలయాన్ని ఇల్లు చేసుకుంది. దగ్గర్లోనే స్టూడియో పెట్టుకుని పని మాత్రం మానలేదు. ఈ సంగతి కూడా తెలిసే మనం సూది పట్టుకోవడం మంచిది.

మనకి మాత్రం ఇది బొత్తిగా కొత్తా? కంచి వరదరాజ పెరుమాళ్ కోవెలకి వెళ్ళినవాళ్ళు గుర్తు చేసుకోండి. మెట్లెక్కి, పైకప్పుకున్న బంగారు బల్లిని, వెండి బల్లిని చేత్తో తడిమి వస్తాం. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు చూసి బెంగపెట్టుకునే మనుషులమే, అక్కడ వరసలో నిలబడి మరీ బల్లిని ముట్టుకుంటాం! కంచి బల్లిని ముట్టుకున్నవాళ్ళని ముట్టుకున్నా చాలని మన ఇళ్ళల్లో ఓ నమ్మకం కూడాను. నిజం బల్లికి జడిసేవాళ్ళకి, చేసిన బల్లిని తాకే వీలు మనవాళ్ళు ఏనాడో కల్పించారన్నమాట.

సైకాలజీ వాళ్ళు చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మహిళ, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నపిల్లాడి మీద తను చేసిన ప్రయత్నం గురించి రాసింది. వాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలుని రోజుకి కాస్త దగ్గరగా తెచ్చేది. చివరికి వాడు దాన్ని నిమిరాడు. ఇష్టమైన పని చేతిలో ఉండగా, ఇష్టంలేనిది కొంచెం కొంచెంగా దగ్గరవడం... అదే ఇందులో కీలకం. కుట్టుపని ఇష్టమైనవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకో సంగతి వింటే మీరు తప్పకుండా ఆలోచనలో పడతారు. ఆస్ట్రేలియాలో 2002లో వెలువడిన ఒక పరిశోధనలో ఏడాదిన్నర అటూ ఇటూ వయసున్న 30 మంది పిల్లలకి రబ్బరు పామునీ, రబ్బరు సాలీడునీ చూపించారు. తల్లి మొహం చిట్లించి భయం చూపిన బొమ్మకి పిల్లలు తరవాత కూడా దూరంగా జరిగారు. తల్లి నవ్వుతూ చూసిన బొమ్మ దగ్గరకి వెళ్ళారు. అంటే మనం బల్లిని చూసి పెట్టే కేక, చంకలో ఉన్న బిడ్డకి పాఠమేనన్నమాట! మీకీ జడుపు ఎవరి కేకలోంచి వచ్చిందో ఓసారి గుర్తు చేసుకోండి. అమ్మదా, మేనత్తదా?

సరే, సరంజామా సంగతి చూద్దాం. అమీర్‌పేట అనగానే మగవాళ్ళకీ, కుర్రకారుకీ మైత్రీవనం దగ్గరి కంప్యూటర్ కోర్సుల బోర్డులే గుర్తొస్తాయి. ఆడవాళ్ళకి తెలిసిన అమీర్‌పేట వేరు. మ్యాచింగ్ సెంటర్లు, ఫాల్ కుట్టేవాళ్ళు, మగ్గం వర్క్ వాళ్ళు... మ్యాచింగ్ సెంటర్లో ఎప్పుడూ చీర అంచు చూపించి రంగు అడుగుతాం కదా, ఈసారి “బల్లి రంగు శాటిన్ ఇవ్వండి” అని అడిగి చూడండి, షాపతను ఎన్ని థాన్లు దించుతాడో! మట్టిరంగు, బూడిదరంగు, పాలిపోయిన గోధుమరంగు. దూరంనుంచి ఒకే రంగు అనుకున్న బల్లిలో ఇన్ని రంగులున్నాయా అని అక్కడే సగం జంకు పోతుంది.

అక్కణ్ణుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషనే. పెద్ద చీరల షోరూములున్న ఆ దారిలో మనకి పనికొచ్చేవి షోకేసులో ఉండవు. బ్లౌజులు కుట్టే టైలరుని మర్యాదగా అడిగితే కత్తిరింపుల సంచి ఇచ్చేస్తాడు. మగ్గం వర్క్ వాళ్ళ దగ్గర మిగిలిన జర్దోసి తీగలు, పూసలు కూడా అడిగి చూడండి. లోపల కూరడానికి బూరుగుదూది గానీ, బొంతకని దాచిన పాతచీరల పీలికలు గానీ చాలు.

మొదటిది మూరెడు పొడవున చెయ్యండి. అంత పెద్దది బల్లిలా అనిపించదు, దిండులా ఉంటుంది. రంగు కూడా చిలకపచ్చో, పసుపో తీసుకోండి. న్యూస్‌పేపరు మీద ఆకారం గీసి, రెండు పొరలు కత్తిరించి, తిరగేసి కుట్టి దూది కూరండి. కాళ్ళు సన్నం కాబట్టి తిరగెయ్యడం కష్టం, నూలుతాడుకి గుడ్డ చుట్టి కుట్టెయ్యండి. కాలికి ఐదేసి వేళ్ళు, కాజా కుట్టుతో బాగా వస్తాయి. కళ్ళకి నల్లపూసలు. కనురెప్పలు కుట్టకండి, వంటింటి బల్లికి రెప్పలాడవు. పాపం, నాలుకతోనే కళ్ళు తుడుచుకుంటుంది! ఒంటిమీద గరుకుకి ముడికుట్లు.

తోక విడిగా చేసి టిచ్ బటన్‌తో తగిలించండి. పిల్లలకి ఇదే సరదా. ఊడిన తోక స్థానంలో మొలిచే తోక పాతదానిలా ఉండదు గనక, రెండో తోక వేరే గుడ్డతో చెయ్యొచ్చు. రెండో బల్లిని జానెడుకి తగ్గించండి, మూడోది బెత్తెడు. రంగు కూడా మెల్లగా అసలు రంగులోకి దించండి. మీకు ఏ స్పర్శ పడదో ఆ గుడ్డని చివరికి ఉంచుకోండి. జారే చల్లదనమంటే జంకుంటే శాటిన్, గరుకంటే జంకుంటే గోనెగుడ్డ. చెయ్యి ఆగిపోతే పక్కన పెట్టేసి మర్నాడు తియ్యండి, పంతానికి పోవద్దు.

జంకు పోయింది కదా అని శుభ్రతని మాత్రం వదలకండి. బల్లి విషం కాదు గానీ దాని రెట్టలో సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండొచ్చు. అది పడ్డ వంటకం పారెయ్యాల్సిందే, గిన్నెలమీద మూతలు ఉండాల్సిందే. ఈ కుట్టు సంగతి చిన్నచిన్న జంకులకే. గుండెదడ పుట్టి, ఇంట్లో పని సాగనంత భయం ఉన్నా, ఏదైనా చేదు అనుభవం దాని వెనక ఉన్నా, ఒంటరిగా సూది పట్టుకుని కూర్చోకుండా ముందు మానసిక వైద్యుల్ని కలవండి.

పూర్తయిన బల్లులని హాల్లో గోడకి వరసగా, పెద్దదాన్నుంచి చిన్నదాకా తగిలిస్తే బాగుంటుంది. అయితే పక్కింటి పిన్నిగారు కాఫీకి వచ్చేముందు మాత్రం, బెత్తెడు బల్లిని తీసి లోపల పెట్టండి. ఆవిడకి ముందుగా మూరెడుదే చూపించాలి!