పోరగాండ్లకు ‘పాపం’ గాదు, ‘హక్కు’ నేర్పున్రి

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌ల మా గల్లీ పోరగాండ్లకు పొద్దుమీకి చదువు చెప్త. మొన్న ఐదో తరగతి పిల్ల ముడుచుకొని కూసున్నది. ఏమైంది బిడ్డా అంటె, “డ్యాన్సుల ఎన్క లైన్ల నిలవెట్టిన్రు సార్. నేను నల్లగున్న గదా” అన్నది. పక్కపోరడు “అయ్యో, పాపం” అన్నడు. గంతే. తప్పు తనదే అనుకున్నది ఆ పిల్ల. జరిగినదానికి ఆమె దగ్గర పేరు లేదు.

నా దగ్గర గూడ లేకుండె. చిన్నప్పుడు దోస్తు ఇంట్ల నాకు వేరే గిలాస పెట్టేటోళ్లు. నేను మర్యాద అనుకున్న! అది అంటరానితనమని తెల్వనీకె పదేండ్లు పట్టింది.

అందుకే మూడు మాటలు చెప్త. మనిషిని ఎరుగకముందే తక్కువ అనుకునుడు చిన్నచూపు. అది మనసుల ఉంటది. ఆ చూపుతోని ఎన్కకు నెడితె వివక్ష. అది చేతల కనవడ్తది. నెట్టొద్దని అడిగేటిది హక్కు. అది దయ గాదు. రాజ్యాంగం 15, 17 అధికరణల్ల రాసే ఉన్నది. అట్లని ప్రతి తేడా వివక్ష గాదు. పొట్టి పోరన్ని ముందు బెంచీల కూసోవెడితె అది న్యాయమే.

మాటతోని ఏమైతది అంటరా? మన హైదరాబాద్‌ల 1906ల జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, దళిత పిల్లలకు బడులు నడిపిండు. 1917ల బెజవాడ పంచమ మహాసభకు అధ్యక్షునిగ పోయి, ‘పంచములు’ అనే పేరే ఒప్పుకోలే. మేము ఈ నేల మొదటోళ్లం అన్నడు. ఆ సభ ఆది ఆంధ్ర సభ అయింది. పెట్టిన పేరు పడుడు వేరు, సొంత పేరు చెప్పుకునుడు వేరు.

తమ్మీ, చెల్లె! మీ ఊర్ల తిట్లు లెక్కవెట్టున్రి. ఎన్ని కులాల మీద, ఎన్ని కుంటి గుడ్డి అనేటియి ఉన్నయో చూడున్రి. ఇంట్ల చిన్నోళ్లు మన నోటికెంచే నేర్చుకుంటరు.

మల్ల దినం ఆ పిల్ల అడిగింది: “ముందల నిలవడుడు నా హక్కా సార్?” కాదు బిడ్డా, రంగు చూసి ఎన్కకు నెట్టకుంట ఉండుడు నీ హక్కు అన్న. “అయితె మేడంను అడుగుత” అన్నది. ఏం జవాబొస్తదో తెల్వదు. కని అడిగేతందుకు మాటైతె దొరికింది.