మన బడికొక కబుర్ల సర్వరు

పిల్లలూ! మన జగిత్యాల, సిరిసిల్ల పల్లెలలో ఎన్నో ఇళ్ళ పెద్దలు దుబాయి, మస్కటు వంటి దూరపు ఊళ్ళలో పని చేస్తున్నారు. దుబాయి గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనుక. అక్కడ తండ్రి పని ముగించుకుని రాత్రి 8 గంటలకు “తిన్నవా బిడ్డా?” అని ఫోనులో వ్రాసి పంపితే, ఇక్కడ 9.30 అయి ఉంటుంది. హాస్టలులో కొడుకు నిద్రపోయాడు. ఫోను కట్టేసి ఉంది. మరి తెల్లవారేదాకా ఆ మాట ఎక్కడ ఉంటుంది?

దానిని భద్రంగా దాచి ఉంచే కంప్యూటరునే సర్వరు అంటారు. అది చేసే పని అచ్చంగా తపాలా కచేరీ పనే. ఉత్తరం తీసుకుంటుంది, చిరునామా చూస్తుంది, మనిషి లేకపోతే దాచి పెట్టి, వచ్చిన తరువాత అందిస్తుంది.

పిల్లలు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి 200 మంది కోసం ఒక బడి ఇటువంటి సర్వరు పెట్టుకోవాలనుకున్నదనుకోండి. ఎంత యంత్రం కావాలి? పెళ్ళివంటకు బియ్యం కొలిచినట్టు, దుకాణానికి వెళ్ళకముందే లెక్క చూచుకోవాలి.

ఒక మాట బరువెంత?

కంప్యూటరు అక్షరాలను బైట్లతో కొలుస్తుంది. తెలుగులో ఒక్కొక్క గుర్తుకు 3 బైట్లు పడతాయి. “అమ్మ” అన్న మాటలో అ, మ, పొల్లు, మళ్ళీ మ – మొత్తం 4 గుర్తులు. అంటే 12 బైట్లు. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో దొరికిన వ్రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడు అనే ప్రపంచ లిపుల పట్టికలో చోటు దొరికింది. ఆ లిపిలో ఒక్కొక్క గుర్తుకు 4 బైట్లు.

పంపినవారి పేరు, వేళ, చిరునామా కూడా కలుపుకుని ఒక్కొక్క కబురుకు 1000 బైట్లు, అంటే ఒక కిలోబైటు అనుకుందాం. 200 మంది రోజుకు 50 కబుర్లు చొప్పున వ్రాస్తే 10,000 కబుర్లు, అంటే 10 మెగాబైట్లు. ఏడాదికి నాలుగు గిగాబైట్లు కూడా కావు!

ఐతే ఫోటోల సంగతి వేరు. ఒక్కొక్కరు రోజుకు 2 మెగాబైట్ల ఫోటోలు రెండేసి పంపితే రోజుకు 800 మెగాబైట్లు. ఏడాదికి సుమారు 292 గిగాబైట్లు. అదే ఫోటోను 200 కిలోబైట్లకు కుదిస్తే 29 గిగాబైట్లతో సరిపోతుంది. చూచారా? పెద్ద బీరువా కొనడం కంటే బట్టలు చక్కగా మడవడం మేలు!

మెమరీ ఎంత?

డిస్కు బీరువా ఐతే, మెమరీ తపాలా గుమాస్తా ముందున్న బల్ల. కలిసి ఉన్న ప్రతి ఫోనుకూ బల్లమీద కొంచెం చోటు కావాలి. 2012లో వాట్సాప్ వారు ఒకే సర్వరుకు 20 లక్షలకు పైగా ఫోన్లను ఒకేసారి కలిపి చూపించారు. దాని మెమరీ 96 గిగాబైట్లు. భాగించి చూడండి: ఫోనుకు 48 కిలోబైట్లు కూడా పడలేదు. ఆ లెక్కన 200 ఫోన్లకు 10 మెగాబైట్లు చాలు. అంత పొదుపు మనకు చేతకాకపోయినా 4 గిగాబైట్ల మెమరీ ఉన్న అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు మన పనికి ధారాళంగా సరిపోతుంది.

దారి ఎంత వెడల్పు?

కేస్లాపూర్ దారి నాగోబా జాతర నాడు ఎలా ఉంటుందో ఆదిలాబాదు పిల్లలకు చెప్పనక్కరలేదు. దారి వెడల్పును రద్దీ చూచి నిర్ణయించాలి, సగటు చూచి కాదు. రోజు కబుర్లలో సగం, అంటే 5,000, సాయంకాలం ఒక్క గంటలోనే వచ్చాయనుకోండి. సెకనుకు సుమారు ఒకటిన్నర. ప్రతి కబురూ తరగతిలోని 40 మందికీ చేరాలంటే సెకనుకు 60 కిలోబైట్లు బయటికి పోవాలి. బైటుకు 8 బిట్లు కాబట్టి 480 కిలోబిట్లు – అర మెగాబిట్టు.

కాని బతుకమ్మ నాడు ఎవరో 2 మెగాబైట్ల ఫోటో 40 మందికి పంపారు. 80 మెగాబైట్లు, అంటే 640 మెగాబిట్లు! బయటికి పంపే వేగం సెకనుకు 10 మెగాబిట్లైతే 64 సెకనులు దారి మూసుకుపోతుంది. కుదించిన ఫోటో ఐతే ఆరున్నర సెకనులే. అందుచేత లైను తీసుకునేటప్పుడు, “దింపుకునే వేగం సరే, పంపే వేగం ఎంత?” అని అడగాలి. మారని చిరునామా ఇస్తారా అని కూడా అడగాలి. తపాలా కచేరీ రోజుకొక వీధికి మారితే దుబాయి ఉత్తరం ఎలా చేరుతుంది?

ఎండ, పిడుగు, కరెంటు

మన రామగుండంలోనే విద్యుత్తు తయారవుతున్నది. ఐనా గాలివానకు తీగ తెగితే పక్క ఊరికి కూడా చీకటే. కంప్యూటరు, రౌటరు కలిసి 20 వాట్లు తింటాయనుకుందాం. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బాటరీలో 84 వాట్-గంటల శక్తి ఉంటుంది. లెక్కకు నాలుగు గంటలు. మధ్యలో పోయే నష్టం తీసివేస్తే మూడు గంటలని నమ్మవచ్చు.

ఇక్కడ ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. వేడెక్కిన యంత్రం తన వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి దానిని రేకుల గదిలో పెట్టరాదు. గాలి ఆడాలి, బొగ్గు దుమ్ము పడరాదు. ఎర్తు సరిగా ఉండాలి. పిడుగు కరెంటు తీగ వెంటనే కాదు, ఇంటర్నెట్టు తీగ వెంట కూడా వస్తుంది.

తాళంచెవి ఎవరి దగ్గర?

పెద్దలకు ఒక మాట. యంత్రం చిన్నదైనా బాధ్యత చిన్నది కాదు. కబురు బయలుదేరిన ఫోనులో తాళం పడి, చేరిన ఫోనులోనే తెరుచుకునే పద్ధతి లేకపోతే, సర్వరు చూచేవారు అన్నీ చదవగలరు. అందుచేత ఆ పద్ధతి ఉన్న ప్రోగ్రామునే ఎంచుకోవాలి. 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లి లేక తండ్రి అనుమతి కావాలని 2023లో చేసిన చట్టం చెబుతున్నది. డిస్కు ఏదో ఒకనాడు పాడవక తప్పదు. కాబట్టి దాచిన వాటికి నకలు తీసి, వేరొక కట్టడంలో ఉంచాలి.

పిల్లలూ! ఇక లెక్క మీది. మీ బడిలో ఎందరున్నారు? ఒక్కొక్కరు ఎన్ని కబుర్లు, ఎన్ని ఫోటోలు పంపుతారు? కాగితం మీద వేసి, మీ ఉపాధ్యాయునికి చూపించండి. “తిన్నవా బిడ్డా?” అన్న మాట తెల్లవారేదాకా చెక్కుచెదరకుండా ఉండాలంటే, ఆ లెక్క తప్పు పోరాదు.