పీకేసిన డాంగిల్, పెరిగిన బిల్లు

రేణిగుంట, తిరుపతి చుట్టుపక్కల మిద్దెల మీద సోలారు పలకలతో పాటు ఓ పుకారూ పెరుగుతోంది. ఇన్వర్టరు కింద తగిలించిన వైఫై డాంగిల్‌తోనే కరెంటోళ్లు మన సోలారును ఆపేస్తున్నారట. దాన్ని పీకి పారేస్తే యూనిట్లు పెరుగుతాయట. రుజువేమిటంటే, మిట్టమధ్యాహ్నం వీధిలో కరెంటు పోగానే మిద్దె మీది సోలారు కూడా ఆగిపోయిందట!

ఆగిన మాట నిజమే. కానీ ఆపింది తిరుపతిలోని కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ ఆఫీసు కాదు, గోడకున్న ఇన్వర్టరే. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టరు లైన్లో వోల్టేజి కనిపించకపోతే 2 సెకన్లలో తనంతట తాను విడిపోవాలి. అలా విడిపోకపోతే ఇంటి సోలారు కరెంటు వీధి లైన్లోకి ఎదురెక్కుతుంది. లైన్ చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందుకే ఈ రక్షణను ఇన్వర్టరు లోపలే పెట్టారు, దానికి వైఫైతో పనిలేదు. నమ్మనివాళ్లు డాంగిల్ తీసి మెయిన్ ఆఫ్ చేసి చూడొచ్చు. ఇన్వర్టరు అప్పుడూ ఆగుతుంది.

మరి డాంగిల్ చేసేదేమిటి? కొన్ని నిమిషాలకోసారి ఉత్పత్తి, వోల్టేజి, ఎర్రర్ కోడ్‌లను ఇన్వర్టరు కంపెనీ సర్వరుకు పంపుతుంది. అక్కడి నుంచి అవి ఫోన్ యాప్‌లోకి వస్తాయి. బిల్లు మాత్రం నెట్ మీటరు రీడింగును బట్టే వస్తుంది.

పీకితే వచ్చే నష్టం చూడండి. రాత్రి ఉరుములకు సోలారు ఏసీ డబ్బాలో ఎంసీబీ స్విచ్ పడిపోయిందనుకుందాం. డాంగిల్ ఉంటే మర్నాడు యాప్‌లో సున్నా కనిపిస్తుంది. లేకపోతే మెట్ల గదిలో ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది, పైకెళ్లి చూసే నాథుడుండడు. 3 కిలోవాట్ల సోలారు రోజుకు సుమారు 12 యూనిట్లిస్తుంది. అంటే నెలకు 360 యూనిట్లు గాలికి పోయినట్టే. పుకారు పుట్టించిన పెద్దమనిషి ఆ బిల్లు కట్టడు.

'యాప్‌లో 12 యూనిట్లు, నెట్ మీటర్లో ఎగుమతి 7. మిగతా 5 ఎవరు మింగారు?' అన్నది ఇంకో గోల. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటరు మింగాయి. పగలు ఇంట్లోనే ఖర్చయిన సోలారు కరెంటు నెట్ మీటరు దాకా వెళ్లదు, మిగిలిందే వెళ్తుంది.

ఇంటర్నెట్ పోతే ఉత్పత్తి ఆగదు, గ్రాఫ్ ఆగుతుంది. డాంగిల్ రేడియేషన్‌కు భయపడేవాళ్లు ముందు దిండు కిందున్న ఫోన్ తీయాలి. వేడి ముదిరితే కరెంటు పెరుగుతుందన్నదీ తప్పే. పలకకు కావాల్సింది వెలుతురు. రేణిగుంట మే నెల వేడికి దాని సామర్థ్యం తగ్గుతుంది.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పదు. దూరం నుంచి ఇన్వర్టరును ఆపడం సాధ్యమే. 2021 మార్చి 14న దక్షిణ ఆస్ట్రేలియాలో గ్రిడ్‌ను కాపాడడానికి వేల ఇళ్ల సోలారును కాసేపు ఆపేశారు. 100 కిలోవాట్లు దాటిన ప్లాంట్ల నియంత్రణ చైనా చేతికి చిక్కకూడదని లిథువేనియా 2024లో చట్టం చేసింది. పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టిన ఇన్వర్టర్ల సమాచారం దేశంలోని సర్వర్లకే చేరాలని మన కేంద్రం కూడా 2025లో చెప్పింది. అంటే భయం పూర్తిగా గాలి కబురు కాదు. కానీ దానికి మందు డాంగిల్ పీకడం కాదు, తాళం మన చేతిలో పెట్టుకోవడం.

యాప్ ఖాతా బిగించిన కుర్రాడి నంబరు మీద కాక ఇంటి యజమాని పేరున ఉండాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మొదటిరోజే మార్చాలి. చాలా డాంగిళ్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి కాబట్టి, రూటరు మార్చినప్పుడు అది చూసుకోవాలి. వారానికోసారి మధ్యాహ్నం పన్నెండుకు యాప్ తెరిచి ఉత్పత్తితో పాటు వోల్టేజీ చూడాలి. అది 253 దాటితే ఇన్వర్టరు లైన్ నుంచి విడిపోతుంది, ఎండ ఉన్నా ఉత్పత్తి ఉండదు. పదేపదే అలా జరుగుతుంటే ఆ గ్రాఫును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని 1912కు ఫోన్ చేయండి. కరెంటోళ్లతో వాదించడానికి వినియోగదారుడి దగ్గరుండే సాక్ష్యం, ఆ డాంగిల్ పంపిన లెక్కే.