పది గదుల నుండి ముప్పై గదులకు: సూలూరు బాడుగ ఇండ్లు చెప్పే లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత తెలుగులో ఉంది, తమిళంలోనూ ఉంది. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే సూలూరు ప్రాంతపు కుటుంబాలకు దానిని రెండు విధాలా వినే అవకాశం ఉంది. ఒక ఇల్లు కట్టడంలోని ప్రయాస ఒక ఎత్తు. కట్టిన ఇండ్లను బాడుగకిచ్చి, వచ్చిన ఆదాయంతో మరికొన్ని కట్టి, వాటిని చూచుకొనుటకు మనుషులను నియమించి, దానినొక వ్యాపారంగా నిలబెట్టడం మరొక ఎత్తు. పది గదుల వరకు సాఫీగా సాగిన వ్యవహారం ఆపైన తడబడడం తరచు కనిపిస్తుంది. అందుకు కారణం డబ్బు చాలకపోవడం మాత్రమే కాదు. మనిషిని ఎప్పుడు పెట్టుకోవాలి, అతనికి ఏ పని అప్పగించాలి అన్న లెక్క ముందుగా వేసుకోకపోవడం కూడా.

పత్తి పొలాల నుండి లైను ఇండ్ల వరకు

కోయంబత్తూరుకు తూర్పున, తిరుచ్చి మార్గంలో సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నది సూలూరు. విజయనగర, మధుర నాయక రాజుల కాలంలో దక్షిణానికి తరలివచ్చిన తెలుగు కుటుంబాల వారసులు ఈ పరిసర గ్రామాలలో నేటికీ ఉన్నారు. నల్లరేగడి నేలలో పత్తి పండించడం వారిలో అనేకుల కులవృత్తి వంటిది. 1888లో కోయంబత్తూరులో తొలి నూలు మిల్లు వెలిసింది. 1930వ దశకంలో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చిన తరువాత మిల్లుల సంఖ్య వేగంగా పెరిగింది. సూలూరు, సోమనూరు, పల్లడం ప్రాంతాలు అనంతర కాలంలో మరమగ్గాలకు పేరుపొందాయి.

మిల్లు వచ్చినచోట కార్మికుడు వస్తాడు. కార్మికుడు వచ్చినచోట అతనికి తలదాచుకొనే గది కావాలి. అలా పుట్టినవే లైను ఇండ్లు. ఒకే పైకప్పు కింద వరుసగా ఐదారు గదులు, ముందు పొడవాటి వసారా, ఒక పక్క నీళ్ళ తొట్టి, వెనుక మరుగుదొడ్లు. పొలంలో కొంత భాగం అమ్మి, మిగిలిన దానిలో ఇటువంటి వరుస ఒకటి వేసుకోవడం రైతు కుటుంబానికి వాన మీద ఆధారపడని ఆదాయ మార్గమైంది.

నేడు ఇక్కడ బాడుగకు వచ్చేవారు ముఖ్యంగా మూడు రకాలు. మిల్లులలో, మగ్గాలలో పనిచేయుటకు బీహారు, ఒడిశా, ఝార్ఖండు వంటి రాష్ట్రాల నుండి వచ్చే కార్మికులు మొదటి రకం. సూలూరు వైమానిక స్థావరంలోను, దానికి చెందిన మరమ్మతు డిపోలోను పనిచేస్తూ క్వార్టర్సు దొరకక బయట ఉండేవారు రెండవ రకం. 2018లో తేజస్ యుద్ధవిమానాల దళం ఈ స్థావరానికి తరలివచ్చింది. నీలంబూరు, అరసూరు, సూలూరులలోని కళాశాలల విద్యార్థులు మూడవ రకం. కార్మికుడు పని ఉన్నంత కాలం ఉంటాడు. వైమానిక దళ ఉద్యోగి బదిలీ వచ్చేవరకు ఉంటాడు. విద్యార్థి చదువు ముగిసేవరకు ఉంటాడు. ఈ మూడు కాలపరిమితులూ వేరు. మూడింటినీ కలిపి చూచుకొన్నవాని ఇండ్లన్నీ ఒకేసారి ఖాళీ కావు. ఒక్క రకాన్నే నమ్ముకొన్నవానికి ఆ భరోసా లేదు.

ఒక మనిషి ఎన్ని గదులు చూడగలడు?

సూలూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893లో తెలుగు కుటుంబాన జన్మించిన జి.డి. నాయుడు పేరు వినని వారు ఈ ప్రాంతంలో ఉండరు. 1920లో ఆయన ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య రవాణా ప్రారంభించారు. ఆ బస్సును స్వయంగా నడిపారు. 1933 నాటికి ఆయన సంస్థలో 280 బస్సులున్నాయి. ఆయన మేధస్సు అందరికీ ఉండదు. కాని ఆ ఎదుగుదలలో దాగిన సూత్రం చిన్న వ్యాపారికి కూడా వర్తిస్తుంది. ఒక బస్సును యజమాని నడపగలడు. రెండవ బస్సు వచ్చిన నాడు రెండింటి చక్రాల ముందూ కూర్చోలేడు. ఆ రోజు నుండి అతని పని బస్సు నడపడం కాదు, నడిపేవారిని నడపడం.

బాడుగ ఇండ్ల విషయమూ అంతే. పది గదులున్న యజమాని నెల మొదటి వారంలో స్వయంగా తిరిగి బాడుగ వసూలు చేసుకొంటాడు. మోటారు చెడితే మెకానిక్కును పిలుస్తాడు. కుళాయి కారితే తానే వాషరు మార్చుకొంటాడు. పదిహేను, ఇరవై గదులైనప్పుడు అతని ఉద్యోగమో సేద్యమో దెబ్బతింటుంది, లేదా ఇండ్లే చెడిపోతాయి. ఖాళీ అయిన గదికి సున్నం వేయించుటకు తీరిక లేక నెల గడిచిపోయిందంటే ఒక నెల బాడుగ పోయినట్లే. ఈ నష్టం పద్దు పుస్తకంలో కనిపించదు కనుక యజమానికి స్ఫురించదు.

జీతం లెక్క

ఉదాహరణకు నెలకు 4,000 రూపాయల బాడుగ వచ్చే గదులు 12 ఉన్నాయనుకొందాం. ఏడాదికి 5,76,000 రూపాయలు రావాలి. ప్రతి గది ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకొంటే 48,000 తగ్గి 5,28,000 మిగులుతుంది. ఆస్తిపన్ను, మరమ్మతులు, నీటి ఖర్చులకు నూటికి 15 చొప్పున 79,200 తీసివేస్తే 4,48,800. ఇప్పుడు నెలకు 15,000 జీతంతో ఒక మనిషిని పెట్టుకొంటే ఏడాదికి 1,80,000 పోతుంది. చేతికి వచ్చేది 2,68,800 మాత్రమే. వసూలైన బాడుగలో మూడవ వంతుకు పైగా జీతానికే వెళ్ళిపోయింది. ఇది నిలిచే వ్యాపారం కాదు.

అదే మనిషి 30 గదులు చూచుకొంటే వసూలయ్యే బాడుగ 13,20,000. అందులో జీతం నూటికి 14 కంటె తక్కువ. ఖర్చులకు 1,98,000, జీతానికి 1,80,000 పోగా 9,42,000 మిగులుతుంది. అనగా పన్నెండు గదులకు మోయలేని భారమైన జీతం ముప్పై గదులకు తేలికవుతుంది. చిక్కంతా ఈ రెంటి నడుమ ఉన్న మెట్టులోనే. జీతానికి తగినన్ని గదులు లేవు. గదులు పెంచుటకు తగిన తీరిక లేదు.

ఈ మెట్టు దాటుటకు ఈ ప్రాంతపు కుటుంబ వ్యవస్థలోనే ఒక మార్గమున్నది. పెద్దల ఆస్తి పంచుకొన్న అన్నదమ్ములకు, దాయాదులకు ఒకే వీధిలో తలా తొమ్మిది, పది గదులుండడం అరుదు కాదు. నలుగురు కలిసి 36 గదులకు ఒకే మనిషిని నియమించుకొంటే ఒక్కొక్క కుటుంబం భరించవలసినది నెలకు 3,750 రూపాయలే. ఆస్తి ఎవరిది వారిదే. జీతం మాత్రం ఉమ్మడి. పంపకం నాడు మాటలు పట్టుకొన్న అన్నదమ్ములను ఒకే పద్దు ముందు కూర్చోబెట్టడం సులభం కాదు. అయినా నలుగురి గదుల వివరం వేరువేరు పుటలలో వ్రాసి, నెలకొకసారి అందరూ చూచుకొనే ఏర్పాటుంటే తగవుకు చోటు తగ్గుతుంది.

ఎవరికి ఏ పని?

మొదట నియమించవలసినది సాధారణంగా కాపలాదారును కాదు, పద్దు వ్రాయగల మనిషిని. రశీదు ఇవ్వడం, మీటరు రీడింగు నమోదు చేయడం, ఖాళీ గదిని వారంలోగా సిద్ధం చేయించడం, కొత్తవారి గుర్తింపు పత్రాల నకళ్ళు తీసి ఉంచడం అతని విధులు. అద్దెదారులలో ఉత్తరాది కార్మికులు ఎక్కువైనచోట కొద్దిపాటి హిందీ వచ్చినవాడు అవసరం. పత్రాలన్నీ తమిళంలో ఉంటాయి కనుక తమిళం చదవడం, వ్రాయడం తప్పనిసరి. ప్లంబరు, ఎలక్ట్రీషియను, రంగులు వేసేవారు జీతగాళ్ళు కానక్కరలేదు. పనికి ఇంత అని ముందుగా రేటు కుదుర్చుకొంటే చాలు.

బంధువుల అబ్బాయి కదా అని లెక్క అడగకుండా పని అప్పగించడం రెండు విధాల నష్టం. తేడా వస్తే డబ్బూ పోతుంది, బంధుత్వమూ పోతుంది. బాడుగ వసూలు చేసేవాడే మరమ్మతుల బిల్లు చెల్లించే పద్ధతి ఉండరాదు. బాడుగ నేరుగా యజమాని బ్యాంకు ఖాతాకు చేరాలి. మరమ్మతులకు నెలకింత అని విడిగా ఇచ్చి, బిల్లులు చూచి తిరిగి నింపాలి. ఇది మనిషిని అనుమానించడం కాదు, నిజాయితీ గల మనిషిని నింద నుండి కాపాడడం. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా జీతం, వారానికొక సెలవు, ఒక గది ఉచితంగా ఇస్తే ఆ విషయం కాగితం మీద ఉండడం కూడా అంతే ముఖ్యం.

అడ్వాన్సు ఆస్తి కాదు

చిన్న యజమానులు చేసే పెద్ద పొరపాటు అడ్వాన్సు సొమ్మును పెట్టుబడిగా భావించడం. ముప్పై గదులకు మూడు నెలల చొప్పున తీసుకొన్న అడ్వాన్సు 3,60,000 రూపాయలు. దానితో పునాది తీసి ఇంకొక వరుస మొదలుపెట్టాలన్న ఆశ సహజమే. కాని అది తిరిగి ఇవ్వవలసిన బాకీ.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినపుడు ఈ సత్యం అనుభవానికి వచ్చింది. పని ఆగింది, వలస కార్మికులు స్వస్థలాల దారి పట్టారు. మార్చి 29న కేంద్ర హోం శాఖ కార్మికుల వద్ద ఒక నెల బాడుగ అడుగరాదని ఉత్తర్వు జారీ చేసింది. ఊరికి పోయే కార్మికునికి అడ్వాన్సే దారి ఖర్చు. అదే సమయంలో యజమానికి బాడుగ లేదు, బ్యాంకు వాయిదా ఉంది. ఇటువంటి దెబ్బ ఒక్కసారితో ముగిసేది కాదు. 2022 ఆరంభంలో కోయంబత్తూరు, తిరుపూరు జిల్లాల మరమగ్గాల వారు కూలి పెంపు కోరుతూ మగ్గాలు ఆపారు. 2025 ఆగస్టులో అమెరికా భారత వస్తువులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినపుడు పొరుగునే ఉన్న తిరుపూరు దుస్తుల పరిశ్రమ కలవరపడింది.

కనుక అప్పు చేసేముందు ఒక పరీక్ష చేసుకోవడం మేలు. పై ఉదాహరణలోని 30 గదుల యజమానికి మామూలు నెలలో సగటున 78,500 మిగులుతుంది. నెలకు 60,000 వాయిదా కట్టడం సులభమనిపిస్తుంది. కాని పన్నెండు గదులు ఒక్కసారిగా ఖాళీ అయితే వచ్చే బాడుగ 72,000. జీతం 15,000, నిర్వహణ 16,500 పోగా మిగిలేది 40,500. వాయిదాకు 19,500 తక్కువ. పైగా పన్నెండు మందికి తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు 1,44,000. ఆ సొమ్ము ఇంటి నగల నుండి రావలసిన పరిస్థితి ఉంటే ఆ అప్పు పెద్దదన్నమాట. అడ్వాన్సును విడి ఖాతాలో ఉంచి, వాయిదాను 40,000 లోపు కుదుర్చుకొన్నవాడు మూడు నెలల గడ్డుకాలాన్ని నిద్ర చెడకుండా దాటగలడు.

చట్టం, పన్ను

తమిళనాడులో 1960 నాటి బాడుగ నియంత్రణ చట్టం స్థానంలో 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం బాడుగ ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండి, రెంట్ అథారిటీ వద్ద నమోదు కావాలి. వేరే ఒప్పందం లేనిపక్షంలో అడ్వాన్సు మూడు నెలల బాడుగను మించరాదు. బాకీ ఉన్నాడన్న కోపంతో నీరు, కరెంటు నిలిపివేయడం చట్టవిరుద్ధం. లైను ఇండ్లలో నోటిమాట ఒప్పందాలే వాడుక. గదులు పెరిగేకొద్దీ ఆ వాడుక యజమానికే ముప్పు; వివాదం వచ్చిన నాడు చూపుటకు కాగితం ఉండదు.

పన్ను విషయంలో ఒక సూక్ష్మం తెలిసి ఉండాలి. నివాస గృహాల బాడుగను 'గృహ ఆస్తి ఆదాయం'గా లెక్కిస్తారు. అందులో చెల్లించిన ఆస్తిపన్ను, మిగిలిన దానిపై 30 శాతం, అప్పుపై వడ్డీ తగ్గింపుగా లభిస్తాయి. జీతగాడికి ఇచ్చిన సొమ్ముకు విడిగా తగ్గింపు లేదు. అది ఆ 30 శాతంలోనే ఇమిడిపోయినట్లు. కనుక జీతం నిర్ణయించేటపుడు పన్నులో కలిసివస్తుందన్న భ్రమ ఉండరాదు.

విస్తరణ: స్థలమా, సేవయా?

కొత్త స్థలం కొనేవారు లేఅవుటుకు అనుమతి ఉన్నదా అని మొదట చూడాలి. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషనును మద్రాసు హైకోర్టు 2016 సెప్టెంబరు 9న నిలిపివేసింది. తరువాత 2017లో క్రమబద్ధీకరణ నిబంధనలు వచ్చాయి. తక్కువ ధరకు వచ్చిందని కాగితాలు సరిలేని స్థలం కొంటే ఇల్లు కట్టుటకు అనుమతి, బ్యాంకు అప్పు రెండూ కష్టమవుతాయి. పట్టా, చిట్టాతో పాటు, ఆస్తిపై తాకట్టు ఉన్నదీ లేనిదీ తెలిపే విల్లంగం పత్రం కూడా తీసుకొని న్యాయవాదికి చూపించడం వృథా ఖర్చు కాదు.

అప్పు లేకుండా పెరిగే దారి మరొకటి ఉన్నది. సూలూరులో ఇల్లుండి, తాము చెన్నైలోనో బెంగుళూరులోనో విదేశాలలోనో ఉన్నవారికి ఇల్లు చూచిపెట్టే నమ్మకస్తుడు కావాలి. తన గదులకు నియమించుకొన్న మనిషి చేతనే అటువంటి ఇండ్లను కూడా చూపించి, బాడుగలో కొంత శాతం తీసుకొంటే జీతంలో భాగం అక్కడి నుండి వస్తుంది. ఇతరుల భవనాన్ని తీసుకొని మహిళా హాస్టలు నడపదలచినవారు మాత్రం భవన యజమాని వ్రాతపూర్వక అంగీకారంతో పాటు 2014 నాటి తమిళనాడు హాస్టళ్ళ చట్టం కింద అనుమతి పొందాలి.

సూలూరు పాఠం సూలూరుకే పరిమితం కాదు. శ్రీసిటీ పరిసర గ్రామాలలో పొలం గట్టున గదులు కట్టుకొంటున్న సరిహద్దు రైతులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. చట్టాలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. గదుల సంఖ్య పెరగడం వ్యాపారం పెరగడం కాదు. యజమాని పదిరోజులు ఊరిలో లేకపోయినా బాడుగ ఖాతాకు చేరి, కారుతున్న కుళాయి బాగుపడి, వెళ్ళిపోయే కార్మికునికి అతని అడ్వాన్సు అతని చేతికి అందిన నాడు అది వ్యాపారమైనట్లు. అప్పుడు పదమూడవ గదికి పునాది తీయవచ్చును.