మిర్చికి చల్లే నీరు సరుకుకే చేటు

గుంటూరు: కాయ విరగకుండా, తూకం తగ్గకుండా టిక్కీ కట్టే ముందు మిర్చిపై నీరు చల్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఎగుమతి సరుకుకు ఈ తడే చిక్కు తెస్తోంది.

ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించరాదన్నది ప్రమాణం. అది మించిన కాయలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి, అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటి మేతలోని వేరుసెనగ చెక్కలో ఈ విషం బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు.

మిర్చిలో ఈ విషం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ దేశాలు అనుమతించవు. అంటే టన్నుకు గ్రాములో నూరో వంతు! కొద్దిపాటి బూజు కాయలే లాటు మొత్తాన్ని చెడగొట్టగలవు. ఒకసారి పుట్టిన విషం మళ్లీ ఎండబెట్టినా, పొడి కొట్టినా పోదు. శీతల గిడ్డంగిలో పెట్టినా తగ్గదు.

కనుక పైకాయ రంగు చూసి బేరం ముగించరాదు. టిక్కీ నడుమ నుంచి కాయ తీసి, విరిచి, గింజల వద్ద బూజు ఉందేమో చూడాలి. తడి సరుకును, తాలును వేరు చేయాలి. కంటికి కనిపించని విషాన్ని తేల్చేది ప్రయోగశాల పరీక్షే.

నీటి బరువుకు దక్కే సొమ్ము ఆ పూటకే. తిరిగొచ్చిన కంటెయినరు నష్టం ఎగుమతిదారుతో ఆగదు. మరుసటి బేరంలో కోతగా కమీషన్ వ్యాపారికీ, రైతుకూ తగులుతుంది.