పాత విమానం, కొత్త ఇంజను

ఒక విమానయాన సంస్థ కొత్త విమానాన్ని సర్వీసులో ప్రవేశపెట్టిందని వింటుంటాం. చాలాసార్లు అది పూర్తిగా కొత్తది కాదు. పాత నమూనాకు మెరుగుపరచిన రూపం. దాన్నే వేరియంట్ అంటారు. 2016 మార్చిలో ఇండిగో సంస్థ మొదటిసారిగా అందుకున్న ఎయిర్‌బస్ ఎ320 నియో ఇందుకు మంచి ఉదాహరణ.

ఈ విమానం దేహం చాలావరకు పాత ఎ320దే. ముఖ్యమైన మార్పు ఇంజనులో జరిగింది. ఆ మార్పేమిటో చూద్దాం.

జెట్ ఇంజను ముందు భాగంలో పెద్ద ఫ్యాన్ ఉంటుంది. అది లాగే గాలిలో కొంతే లోపలికి వెళ్ళి ఇంధనాన్ని మండిస్తుంది. మిగిలిన గాలి చుట్టూ ప్రవహించి, వెనక్కి పోతూ విమానాన్ని ముందుకు నెడుతుంది. ఎక్కువ గాలిని తక్కువ వేగంతో నెడితే ఇంధనం ఆదా అవుతుంది. కాబట్టి ఫ్యాన్ పెద్దదిగా ఉండి, నెమ్మదిగా తిరగాలి. కాని దాన్ని తిప్పే టర్బైన్ వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది. ఈ చిక్కును విడదీయడానికి ప్రాట్ అండ్ విట్నీ సంస్థ రెండింటి మధ్య గేర్లు అమర్చింది. టర్బైన్ సుమారు మూడు చుట్లు తిరిగితే ఫ్యాన్ ఒక చుట్టు తిరుగుతుంది. దాదాపు 15 శాతం ఇంధనం ఆదా అవుతుందని తయారీదారులు చెప్పారు.

అయితే ఇబ్బందులూ వచ్చాయి. ఇంజను ఆపిన తరువాత వేడిగాలి పైకి చేరడం వల్ల ఇరుసు పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి, ఇరుసు స్వల్పంగా వంగేది. అది సరి అయ్యేవరకు ఇంజనును నెమ్మదిగా తిప్పవలసి రావడంతో స్టార్ట్ చేయడానికి నిమిషాలు పట్టేది. తరువాత మరికొన్ని ఇంజన్లు గాలిలోనే ఆగిపోయాయి. రెండో ఇంజనుతో విమానం సురక్షితంగా దిగగలదు. అయినా 2018 మార్చిలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, లోపమున్న శ్రేణి ఇంజను ఒక్కటి ఉన్నా ఆ విమానం ఎగరరాదని ఆదేశించింది. ఇండిగోవి 8, గోఎయిర్‌వి 3 విమానాలు నిలిచిపోయాయి. ఎన్నో సర్వీసులు రద్దయ్యాయి. గో ఫస్ట్‌గా పేరు మార్చుకున్న గోఎయిర్, ఇంజన్ల కొరతే కారణమంటూ 2023 మేలో సర్వీసులనే ఆపేసింది.

దీనివల్ల మనం గ్రహించవలసింది ఏమిటి? గేర్ల సూత్రం తప్పు కాదు. ఇంధనం నిజంగానే ఆదా అయింది. కాని ప్రయోగశాలలో కనబడని లోపాలు రోజువారీ ప్రయాణాల్లో బయటపడవచ్చు. కొత్త యంత్రానికి పరీక్ష సర్వీసులో ప్రవేశించడంతో ముగియదు. నష్టం వచ్చినా సరే, అనుమానం ఉన్న విమానాన్ని నేలపై నిలిపివేయడం కూడా ఆ పరీక్షలో భాగమే.